సగం దూరిన ప్లగ్గు

ఉరుము అని అందరూ పిలిచే ఆ పెద్దమనిషి బేస్ గిటారు మీద లావు తీగ ఒక్కసారి మీటాడంటే మూడు వీధుల అవతల మంచాల మీద పడుకున్నవాళ్లు లేచి కూర్చునేవారు. ఎదురింటి గోడ గడియారం పది నిమిషాలు ముందుకు దూకేది. ఒకసారి కచేరీలో ఆయన వాయింపుకి ముందు వరసలో ముసలాయన కట్టుడు పళ్లు జారి పక్కావిడ ఒళ్లో పడ్డాయి. ఆవిడ వాటిని కొంగున ముడేసుకుని ఇంటికి పోయింది. ఇదేదో గాలికబురు కాదు. కళ్లారా చూసినవాళ్లు ఉన్నారు, వాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం ఆ వైభవం నాటి సంగతి కాదు. గొంతులో పుండు లేచి, డాక్టర్లు ఉరుము స్వరపేటిక తీసేసి, మెడ ముందు చిన్న రంధ్రం చేసి గొట్టం అమర్చిన తరవాతి సంగతి. ఊపిరి ఇక ముక్కుతో పని లేకుండా ఆ గొట్టంలోంచే. మాట పూర్తిగా పోయింది. నవ్వితే సైకిల్ ట్యూబులోంచి గాలి పోయినట్టు ఒక బుస, అంతే. చెప్పాల్సింది ఏదైనా ఉంటే పలక మీద రాసేవాడు. ఆ గొట్టంలో కఫం చేరి గట్టిపడితే ఎవరో ఒకరు పరుగున వచ్చి, మంచం పక్కనున్న చిన్న మెషీను పెట్టి లాగెయ్యాలి. ఊపిరాడనప్పుడు, తన కంటికే కనపడని ఆ గొట్టంలోంచి తనంతట తాను లాక్కోలేడు. ఆలస్యమైతే ఊపిరి ఉండదు. ఆ ఇంట్లో భయమంతా ఆ వేలెడంత గొట్టం చుట్టూనే తిరిగేది.

ఆయన గది మేడ మీద. భార్య వంటగది సరిగ్గా దాని కింద. పిలవడానికని ఆవిడ ఒక కాలింగ్ బెల్లు కొనుక్కొచ్చింది. ఉరుము దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పలక మీద రాశాడు: "నేనేమన్నా బళ్లో బంట్రోతునా, గంట కొట్టడానికి?"

"మరెట్లా పిలుస్తావయ్యా మహానుభావా? ఈల వేస్తావా?" అంది ఆవిడ.

ఆయన మంచం పక్కన స్టూలు మీదున్న ప్రాక్టీసు యాంప్‌ని చూపించాడు.

మూడు వీధులు, గడియారాలు, కట్టుడు పళ్లు అని ఇందాక కోశాను చూశారూ, అదంతా మీరిక మర్చిపోవచ్చు. ఆ కచేరీకి నేను వెళ్లనే లేదు. యాంప్ పదిహేను వాట్లది, మందుల పెట్టెకన్నా కాస్త పెద్దది. నిండా పెంచి లావు తీగ మీటితే కింద వంటగదిలో అల్యూమినియం గిన్నె మీది మూత ఒకటి గలగలమనేది. దాని ప్రతాపం అంతే. ఆ ఇంటికి అది చాలు. ఒక దెబ్బ అంటే "రా". రెండు అంటే "నీళ్లు". మూడు అంటే "గొట్టం పూడింది, పరిగెత్తు". జావలో ఉప్పు తగ్గిన రోజున ఏడుపు రాగం ఒకటి ప్రత్యేకంగా తీసేవాడు. "విన్నాలే, మూతి ముడవకు" అని ఆవిడ కిందనుంచే అరిచేది. నాలుగు నెలల్లో ఒక్క పిలుపు కూడా ఆవిడ చెవి తప్పలేదు.

ఉరుముకి ఒక తమ్ముడున్నాడు. వీధి చివర మోటార్లు, ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే షాపు ఆయనది. చేతిపనిలో మొనగాడే. ఒక్కటే పిచ్చి: ఎక్కడా ప్లగ్గు వదులుగా ఉండకూడదు. ఎవరింటికి వెళ్లినా, సాకెట్‌లోంచి కాస్త బయటికొచ్చిన ప్లగ్గు కనిపిస్తే చాలు, బొటనవేలితో లోపలికంటా నొక్కిగాని కుర్చీలో కూర్చోడు. మాట్లాడుతూనే నొక్కేస్తాడు. నొక్కినట్టు తనకే తెలియదు. పెళ్లిచూపుల్లో కూడా అలాగే చేశాడని, పిల్లవాడికి పిల్ల నచ్చిందో స్విచ్చుబోర్డు నచ్చిందో తేల్చుకోలేకపోయామని వదిన ఏడిపిస్తూ ఉండేది.

ఒకరోజు మధ్యాహ్నం ఈ తమ్ముడు షాపులోంచి క్యాసెట్ రికార్డరు, ఒక వైరు చంకలో పెట్టుకుని మేడెక్కాడు.

"అన్నయ్యా, ముప్పై ఏళ్లు వాయించావు. నీ వాయింపు విడిగా ఒక్కటీ లేదు మన దగ్గర. అన్నీ ఎవరెవరి పాటల అడుగునో పడి ఉన్నాయి. ఇవాళ ఒక క్యాసెట్టు చేద్దాం."

ఉరుము పలక అందుకున్నాడు: "పోయాక అమ్ముకుంటావా?"

"నీదెవడు కొంటాడు? షాపులో పెట్టుకుంటా. గిరాకీని తరమాల్సిన రోజున వేస్తా."

గొట్టంలోంచి బుస వచ్చింది. అన్న ఒప్పుకున్నాడని తమ్ముడికి అర్థమైంది.

తమ్ముడు యాంప్ వెనక్కి తిప్పి చూశాడు. వెనక రెండు సాకెట్లు. ఒకటి ధ్వనిని బయటికి పంపేది, ఒకటి తిరిగి లోపలికి తీసుకునేది. ఆ రెంటి మధ్యా ఎఫెక్ట్స్ పెడల్ ఒకటి వేలాడుతోంది. స్వరాన్ని ఇంకో మెట్టు కిందికి దించి బరువెక్కించేది ఆ పెడలే. అది లేకపోతే శబ్దం శ్లాబు దాటదు, కింద మూత కదలదు. అందుకే ఉరుము ఆ రెండు వైర్లకీ నల్లటేపు చుట్టి, చిన్న కాగితం అంటించాడు: "ముట్టుకుంటే వేళ్లు విరుస్తా."

"దీన్ని కదిలించను గానీ, మరి రికార్డరుకి ఎక్కడనుంచి ఇవ్వను?"

ఉరుము యాంప్ ముందున్న హెడ్‌ఫోన్ సాకెట్‌ని చూపించాడు.

"అందులో పెడితే స్పీకరు నోరు మూసుకుంటుంది గదా అన్నయ్యా! మరి పిలుపెట్లా?"

అన్న వైరు లాక్కుని ప్లగ్గుని మెల్లగా సాకెట్‌లోకి దూర్చాడు. ఒక క్లిక్కు వినపడింది. అక్కడే ఆపేశాడు. ప్లగ్గు సగం లోపల, సగం బయట. తీగ మీటాడు. రికార్డరు ముల్లు ఊగింది, స్పీకరూ మోగింది. పలక మీద రాశాడు: "మొదటి క్లిక్కు దగ్గర రెండూ పనిచేస్తాయి. రెండో క్లిక్కు దాకా పోతే స్పీకరు కట్. కచేరీల్లో ఎన్నిసార్లు చేశానో."

"ఇదేం వైరింగు! చూస్తేనే పళ్లు జివ్వుమంటున్నాయి నాకు," అన్నాడు తమ్ముడు. తరవాత కిటికీలోంచి కిందికి వంగి, "వదినా! మూత అదిరిందా?"

"అదిరింది, నా గుండె కూడా. నీళ్లా?"

"నీళ్లు కాదు, పరీక్ష!"

తను వాయించేది టేపులో ఎలా ఎక్కుతోందో వింటానన్నాడు ఉరుము. సరేనని తమ్ముడు రికార్డరుకి హెడ్‌ఫోన్లు తగిలించి అన్న చెవులకు పెట్టాడు. తలగడలు సర్దాడు. గిటారు ఒళ్లో పెట్టాడు. అంతలో వదిన పైకొచ్చి గుమ్మంలో నిలబడి చూసింది.

"అబ్బో, దొరగారు చెవులకు డిప్పలు పెట్టుకున్నారు. ఇక లోకంతో పనిలేదు."

"ముప్పావుగంట వదినా. ఒక వైపు అయ్యేదాకా. ఈలోపు తలుపు తీస్తే ఆ కిర్రు కూడా టేపులోకి ఎక్కుతుంది. పిలుపొస్తే సరే, లేకపోతే రావద్దు. నేను షాపు తెరిచి వస్తా."

"నాకూ పనుంది, బఠాణీలు ఒలవాలి," అని ఆవిడ దిగిపోయింది.

తమ్ముడు రికార్డు బటను నొక్కాడు. అన్నకి బొటనవేలు ఎత్తి చూపించాడు. స్క్రూడ్రైవరు, టేపు చుట్ట జేబులో వేసుకున్నాడు. లేవబోతూ, స్టూలు మీదున్న యాంప్‌కి ఎడమచేయి ఆనించి, ఎప్పట్లాగే, చేతికి తగిలిన ప్లగ్గుని బొటనవేలితో లోపలికంటా నొక్కి, తలుపు దగ్గరగా వేసి మెట్లు దిగాడు.

అన్న చెవుల్లో సంగీతం చక్కగా వినిపిస్తూనే ఉంది, రికార్డరులోంచి.

గంట దాటాక వదిన పాలు తీసుకుని మేడెక్కింది. ఆవిడ పెట్టిన కేక షాపుదాకా వినపడింది. తమ్ముడు చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చేసరికి ఉరుము తలగడ మీంచి ఒక పక్కకి జారి ఉన్నాడు. పెదాలు నల్లబడ్డాయి. హెడ్‌ఫోన్లు చెవుల మీదే ఉన్నాయి. కుడిచెయ్యి వేళ్లు తీగల మధ్య ఇరుక్కుని ఉన్నాయి. వదిన మెషీను పెట్టి గొట్టంలోంచి లాగుతూనే ఉంది. ఒంట్లో వెచ్చదనం తగ్గిపోతున్నా లాగుతూనే ఉంది.

"పిలవలేదు మరిదీ! ఒక్కసారి కూడా పిలవలేదు! డిప్పలు పెట్టుకుని మెల్లగా వాయించుకుంటున్నాడులే, పిలిస్తే ఎలాగూ మూత మోగుతుంది అనుకున్నా..."

డాక్టరు వచ్చాడు. నాడి చూసి, కంట్లో టార్చి వేసి, తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. "ఈయన స్థితికి ఇవాళ కాకపోతే రేపు. మీరు పక్కనే ఉన్నా ఆగేది కాదు. ఎవరి తప్పూ లేదు," అని చెప్పి వెళ్లాడు.

ఆ మాట పట్టుకుని తమ్ముడు ఒక నిమిషం నిలబడ్డాడు. తరవాత గిటారు తీసి పక్కన పెట్టబోతే చెయ్యి తగిలి తీగ కదిలింది. యాంప్ ఎర్రదీపం వెలుగుతోంది. శబ్దం లేదు. ఆయన చూపు సాకెట్ మీదికి పోయింది. ప్లగ్గు మెడదాకా లోపల ఉంది, తన షాపులో ప్రతి ప్లగ్గూ ఉండేంత చక్కగా.

క్యాసెట్టు ఎవరూ చూడకుండా జేబులో వేసుకున్నాడు. అన్నీ అయ్యాక, మర్నాడు షాపు షట్టరు లోపలినుంచి దించుకుని విన్నాడు. మొదట పదకొండు నిమిషాలు అన్న వాయించాడు. అంత బాగా ఆయన ఎప్పుడూ వాయించలేదని తమ్ముడికి అనిపించింది. తరవాత వాయింపు మధ్యలో తెగిపోయింది. మూడు దెబ్బలు. ఆగింది. మళ్లీ మూడు దెబ్బలు, ఇంకా గట్టిగా. చెవుల్లో అంత పెద్దగా మోగుతుంటే, కింద మూత అదిరిపోతోందనే అనుకుని ఉంటాడు. మెట్ల మీద అడుగుల కోసం చూస్తూ కూర్చుని ఉంటాడు. హెడ్‌ఫోన్లు తీస్తే తెలిసేది. తియ్యడానికి ఆయనకి అనుమానమే రాలేదు.

తమ్ముడు ఆ యాంప్‌ని విప్పాడు. సాకెట్ వెనక గోరంత ఇత్తడి రేకు. ప్లగ్గు మొదటి క్లిక్కు దగ్గర ఉన్నంతసేపూ ఆ రేకు కింది చుక్కని తాకుతూనే ఉంటుంది. రెండో క్లిక్కుకి బియ్యపు గింజంత ఎత్తు లేస్తుంది. స్పీకరుకి వెళ్లే దారి అక్కడ తెగుతుంది. ఆయన ప్లగ్గుని లోపలికి నొక్కి చూశాడు, వెనక్కి లాగి చూశాడు. సాయంత్రందాకా అదే పని. రేకు లేవడం, వాలడం.

వారం తరవాత వదిన దగ్గరికి వెళ్లాడు. ఆవిడ వంటగదిలో గిన్నెలు సర్దుతోంది.

"వదినా, ఆ ప్లగ్గు నేనే నొక్కాను."

"ఏ ప్లగ్గు?"

చెప్పాడు. సాకెట్ సంగతి, రేకు సంగతి, క్యాసెట్టు సంగతి. ఆవిడ చేతిలో గిన్నె కింద పెట్టింది.

"అయితే పిలిచాడా?"

"పిలిచాడు."

"ఎన్నిసార్లు?"

ఒకటో రెండో అని చెప్పాలనే దారంతా అనుకుంటూ వచ్చాడు.

"పద్నాలుగు."

"అన్నీ మూడేనా?"

"తొమ్మిది మూడేసి. తరవాత రెండేసి మూడుసార్లు. చివరివి ఒక్కొక్కటే."

"రెండంటే నీళ్లు."

"నీళ్లు కాదు వదినా. మూడోది కొట్టే ఓపిక లేదు."

ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుంది. "నేనిక్కడే కూర్చుని బఠాణీలు ఒలిచాను," అంది. "నాలుగు నెలల్లో ఆ ఒక్క గంటే ప్రాణానికి హాయిగా ఉంది. కూనిరాగం కూడా తీశాను మరిదీ. ఏ పాటో కూడా గుర్తుంది."

ఆయన ఏదో అనబోయాడు.

"ఏం అనకు. ఆ టేపు ఈ గడప తొక్కనివ్వకు."

ఎన్నడూ రెండు ముద్దలు తినిపోమనకుండా మరిదిని పంపని మనిషి, ఆ రోజు ఆ మాట అనలేదు. ఆయన వీధిలోకి వచ్చి, వెనక తలుపు గడియ పడిన చప్పుడు విన్నాడు. ఆ తరవాత ఆ ఇంటికి వెళ్లలేదు.

నా నోటికి అబద్ధం అలవాటని మీరు మొదట్లోనే పట్టేశారు. కాబట్టి ఇదీ ఒప్పుకుంటాను. క్యాసెట్టు నిజం, పద్నాలుగూ నిజం, బఠాణీలు నిజం. డాక్టరు మాటే నేను కల్పించింది. భుజం మీద చెయ్యి వెయ్యలేదు, ఎవరి తప్పూ లేదనలేదు. ఎంతసేపటినుంచి ఇలా ఉన్నాడని అడిగి, చెప్పిన టైము కాగితం మీద రాసుకుని వెళ్లిపోయాడు. ఎవరో ఒకరు ఆ మాట అని ఉంటే బాగుండునని, నేనే ఆయన చేత అనిపించాను.