కోడిగుడ్డంత బండి, ఇరవై కిలోల ఆలుగడ్డలు

ముప్పై నాలుగేళ్ళు జున్ను గిడ్డంగిలో తూకాలు చూసిన మనిషిని కట్టుకుని నేను పడుతున్న అవస్థ పగవాళ్ళకు కూడా వద్దు. ఉద్యోగం వదిలాక వీట్సె తూచడం మానేస్తాడనుకున్నాను. మానకపోగా, తూచడానికే అన్నట్టు ఒక క్యారవాన్ కొన్నాడు, కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చక్రాల ఇల్లు.

చూడముచ్చటగానే ఉంటుంది, కాదనను. కొత్తదే అయినా మా చిన్నప్పటి బళ్ళ అచ్చులో చేశారు. పైన మీగడ రంగు, కింద లేతాకుపచ్చ, కోడిగుడ్డులాంటి గుండ్రటి వీపు. లోపల ఇద్దరం ఒకేసారి నిలబడితే ఒకరు చేతులు ముడుచుకోవాలి. మా బుల్లి కారు అయిదువందల కిలోలకు మించి లాగకూడదు. ఖాళీ బండే నాలుగువందల ఇరవై. మిగిలిన ఎనభై కిలోల్లోనే మా నెల రోజుల కాపురం.

ప్రయాణానికి రెండు వారాల ముందే గుమ్మంలో కాటా వెలిసింది. చెంచాలు నాలుగెందుకు, రెండు చాలన్నాడు. దుప్పటి అంచుకున్న కుచ్చులు కత్తిరించాడు. రోడ్ల పుస్తకంలో మేం వెళ్ళని దేశాల పేజీలు చింపేశాడు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. అన్నిటికీ ఊరుకున్నాను గాని, అకార్డియన్ దగ్గర మాత్రం ఊరుకోలేదు.

ఆ అకార్డియన్ మా నాన్నది. తొమ్మిది కిలోలు. మేం వెళ్ళేది ఫ్రాన్సులో ఉన్న మా అక్క రెన్స్కె దగ్గరికి. అక్కకు రెండేళ్ళుగా మతిమరుపు జబ్బు. పోయిన క్రిస్మస్‌కు ఫోన్ చేస్తే, మీరెవరమ్మా అని అడిగింది. పాలు పితికిన తరవాత నాన్న రోజూ వాయించే పాట ఒకటుంది. అది వింటే ఒక్కసారైనా నన్ను గుర్తుపడుతుందని నా ఆశ. ఈ వేసవి దాటితే ఆ ఆశా ఉండదేమోనని భయం. ఇదంతా తెలిసి కూడా వీట్సె, అకార్డియన్లు ఫ్రాన్సులోనూ దొరుకుతాయన్నాడు. నా బూట్లు, రెండో దుప్పటి, ఇనప పెనం, పుస్తకాలు తీసేసి, సరిగ్గా తొమ్మిది కిలోలు తగ్గాయని కాటా మీదే చూపించాను. అప్పుడు గాని దాన్ని తన సామాన్ల పట్టీలో రాసుకోలేదు.

బయల్దేరిన రోజు వాన. ఊరి చివర ఆలుగడ్డల వ్యాపారి దగ్గర లారీలు తూచే పెద్ద కాటా ఉంది. మా ఊళ్ళో క్యారవాన్ ఉన్నవాళ్ళంతా ముందు అక్కడికి వెళ్ళి తూచుకున్నాకే రోడ్డెక్కుతారు. కారు నుంచి బండి విప్పి కాటా మీదికి నెట్టాం. అయిదువందల ఇరవై చూపించింది.

వీట్సె అంకె వైపు కాదు, నా వైపు చూశాడు.

“ముందే చెప్పాను యిక్కే. ఆ వాయిద్యం దించు.”

“అది తొమ్మిది కిలోలు. ఎక్కువైంది ఇరవై. గిడ్డంగిలో కూడా ఇట్లాగే లెక్కలు చూశావా?”

వానలోనే నిలబడి పట్టీ మొదటి నుంచి చివరిదాకా చదివాడు. అన్నీ సరిపోయాయి. ఇక నేనే లోపలికెక్కి పరుపు ఎత్తి, కింది పెట్టె తెరిచాను. రెండు గోనెసంచులు. మా ఊరి బంకమట్టి ఇంకా అంటుకునే ఉన్న ఆలుగడ్డలు, సంచికి పది కిలోలు.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఇవి పట్టీలో ఎందుకు లేవని అడిగితే ఆయన నిజంగానే తెల్లబోయాడు.

“ఆలుగడ్డలు సామానెట్లా అవుతాయి? తిండి కదా.”

“దుప్పటి కుచ్చులు కూడా కోశావు కదయ్యా. తిండికి బరువుండదా?”

ఫ్రాన్సు గడ్డలు ఉడికితే పిండిపిండిగా విరగవని, సబ్బు ముక్కల్లా ఉంటాయని గొణిగాడు. కారులో పెట్టుకోవడానికీ లేదు. గుడారం, కుర్చీలతో దాని తూకమూ అంచుకు వచ్చిందని ఆయన పట్టీయే చెబుతోంది. గడ్డలో, అకార్డియనో తేల్చుకోమన్నాను. గడ్డలే కావాలంటే నేను రైల్లో పోతానన్నాను. సంచులు ఒక్కొక్కటే మోసుకెళ్ళి వ్యాపారి కుప్ప పక్కన పెట్టాడు. రెండోసారి వెళ్ళినవాడు, నేను కారులో కూర్చుని ఎంతసేపు చూసినా రాలేదు. వచ్చేసరికి కాళ్ళకు బూట్లకు బదులు, బండిలో సర్దిన చెప్పులున్నాయి. బూట్లు, పనిముట్ల పెట్టె కూడా అక్కడే వదిలేశానని, బండి తేలికపడుతుందని అన్నాడు.

ఆ తరవాత మూడు రోజుల ప్రయాణం. పెట్రోలు కోసం ఆగినచోటల్లా ఎవరో ఒకరు వచ్చి బండి లోపల చూడొచ్చా అనడం, ఈయన మురిసిపోతూ తలుపు తీయడం. రెండో రోజు కిటికీ మర ఊడితే బిగించడానికి పనిముట్లు లేవు. తడిసిన చెప్పులతో, తుమ్ముతూ కారు నడిపాడు. నేను జాలిగా ఒక్క మాట కూడా అనలేదు.

అక్క వాకిట్లో కూర్చుని ఉంది. బాగా చిక్కిపోయింది. పలకరిస్తే మర్యాదగా చెయ్యి కలిపింది. అకార్డియన్ భుజాలకు తగిలించుకుని నాన్న పాట వాయించాను. మళ్ళీ వాయించాను. మూడోసారి తప్పులు పడ్డాయి. అక్క చప్పట్లు కొట్టింది.

“చాలా బాగా వాయించారండి. మీదే ఊరు?”

నాకు ఏడుపు ఆగలేదు.

అప్పుడు వీట్సె క్యారవాన్‌లోంచి బరువైన దిండు గలీబు ఒకటి మోసుకొచ్చి, అక్క ఒళ్ళో గుమ్మరించాడు. ఆలుగడ్డలు. మూడు కిలోలుంటాయి. బూట్లకు, పనిముట్లకు బదులు వీటిని ఎక్కించాడన్నమాట. ఏడుస్తూనే తిట్టబోయాను.

అక్క ఒక గడ్డ తీసుకుని, ఎండిన మట్టిని బొటనవేలితో గీకి వాసన చూసింది. ఇంకొకటి తీసింది. తరవాత, చిన్నప్పుడు వంటింట్లో నన్ను కేకలేసిన గొంతుతోనే విసుక్కుంది.

“యిక్కే, అట్లా నిలబడ్డావేం? కత్తి తే. తొక్క పల్చగా తియ్యి, అమ్మ చూస్తే తిడుతుంది.”

కత్తులు తెచ్చాను. ఇద్దరం పక్కపక్కనే కూర్చుని మూడు కిలోలూ ఒలిచాం. నేను మందంగా తీస్తున్నానని అక్క రెండుసార్లు చేతి మీద కొట్టింది. గడ్డలు అయిపోయాయి. చేతులు కడుక్కుని వచ్చి, మీరు భోంచేసి వెళ్ళండి అంది నాతో.

ఇరవై కిలోలూ తెచ్చి ఉంటే అక్కతో ఇట్లాంటి పూటలు ఎన్ని వచ్చేవో వీట్సె లెక్క కట్టి చెబుతాడని ఎదురుచూశాను. జీవితంలో మొదటిసారి ఆయన లెక్క చెప్పలేదు. నేనే వేసుకున్నాను.