దవడల మధ్య వెలుగు

మా ఇంట్లోంచి పెట్టె పట్టుకుని గడప దాటినవాళ్లెవరూ తిరిగి రాలేదు. అమ్మ ఆసుపత్రికని వెళ్లింది, నాన్న పనికని వెళ్లాడు. అందుకే తమ్ముడు పెట్టె సర్దుకున్న పొద్దున దాని తాళంచెవి తీసి నా సూదుల డబ్బాలో వేసుకున్నాను. తాళం వేయని పెట్టెతో వాడు బయల్దేరే రకం కాదు.

గొడవంతా మా ఆయన మైక్రోమీటర్ గురించి. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆయనకు లేత్ మిషను ఉంది. ఉక్కు పిన్నులు చేసి ఫ్యాక్టరీకి పంపుతాడు. వెంట్రుకలో పదోవంతు లావెక్కినా పిన్ను రంధ్రంలో దిగదు. అందుకని ప్రతి పిన్నునీ మైక్రోమీటర్ దవడల మధ్య బిగించి కొలుస్తాడు. ఆ మైక్రోమీటర్ అరిగిందో లేదో తనిఖీ చేసేది ఫ్యాక్టరీలో పనిచేసే నా తమ్ముడే. మా మేడమీద గదిలోనే ఉంటాడు.

ఈమధ్య పిన్నులు బుట్టలు బుట్టలుగా తిరిగొచ్చాయి. అన్నీ లావే. మా ఆయన కొలిస్తే మాత్రం ఒక్కదాంట్లోనూ తేడా లేదు. మైక్రోమీటర్ మీద తమ్ముడు అతికించిన పచ్చ చీటీ కూడా ఉంది, బాగుందని.

వాడు చూడకుండానే చీటీ అతికించాడని ఆయన అనుమానం. వాడి స్నేహితుడెవరో కొత్తగా లేత్ పెట్టాడట, పని అటు మళ్లించే ఎత్తేమోనట. "ఇంటి దొంగను ఈశ్వరుడు కూడా పట్టలేడు" అని భోజనం చేస్తూ గోడతో చెప్పాడు. తమ్ముడు తక్కువ తిన్నాడా? ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని, బావ చేతులు వణుకుతున్నాయని నా దగ్గర గొణిగాడు. గోడకూ నాకూ చెప్పుకున్నంతసేపూ బాగానే ఉంది. నిన్న ఒకరి మొహాన ఒకరు అనేసుకున్నారు. తమ్ముడు వేరే ఊళ్లో ఉద్యోగం చూసుకుంటానన్నాడు.

నేను ఇద్దరినీ నమ్మాను, ఇద్దరినీ అనుమానించాను. ఆయన గ్లాసు ఎత్తితే వేళ్లు చూసేదాన్ని. వీడు ఫోను పట్టుకుని మెట్లెక్కితే చెవి ఒగ్గేదాన్ని.

వెళ్లేముందు తేల్చేస్తానని తమ్ముడు షెడ్డులోకి వచ్చాడు. కొలత కచ్చితంగా తెలిసిన చదునైన ఉక్కు బిళ్లను తుడిచి, మా ఆయన మైక్రోమీటర్‌లో బిగించాడు. సరిగ్గా చూపించింది. ఆయనా బిగించి చూశాడు. అదే అంకె.

"చూశావా బావా? ఇది మాట మార్చదు. మార్చేది మనుషులే."

"ఎవరా మనుషులు?"

తమ్ముడు బుట్టలోంచి ఒక పిన్ను తీసి తన జేబులోని మైక్రోమీటర్‌తో కొలిచాడు. లావు. దాన్నే బావ మైక్రోమీటర్‌తో, తన చేత్తోనే కొలిచాడు. సరిగ్గా ఉంది. మళ్లీ కొలిచాడు. ఈసారి వణికింది వాడి చెయ్యి.

"పిన్ను ఎప్పుడూ ఇలా అడ్డంగా, నడిమధ్యే పెడతావా?"

"మరెక్కడ పెట్టాలి, నీ నెత్తిమీదా?"

వాడు దవడలు మూసి కిటికీకేసి ఎత్తాడు. మధ్యలోంచి సన్నటి వెలుగు గీత. ఏళ్ల తరబడి పిన్నులన్నీ ఒకేచోట ఒరుసుకుని ఉక్కులో గాడి పడింది. చదునైన బిళ్ల ఆ గాడి మీద వంతెనలా ఆనుకుంది కాబట్టి కొలత సరిపోయింది. గుండ్రటి పిన్ను గాడిలోకి దిగి తన లావు దాచుకుంది. పిన్ను పెట్టే చోటు ఆయన మార్చలేదు, తనిఖీ చేసే బిళ్ల వీడు మార్చలేదు.

పిన్నులైతే తిరిగొచ్చాయి, అన్న మాటలు ఎలా తిరిగొస్తాయి? తమ్ముడు పచ్చ చీటీని గోటితో గీకేసి, షెడ్డు గుమ్మం బయట పెట్టిన పెట్టె దగ్గరికి వెళ్లాడు. తాళంచెవి కోసం జేబులన్నీ తడుముకున్నాడు. తర్వాత బావవైపు ఓరగా చూశాడు.

"నేను తియ్యలేదురా," అన్నాడాయన, తలెత్తకుండా. "మీ అక్క కుట్టుపని మానేసి చాలాకాలమైంది. పొద్దుట్నుంచీ సూదుల డబ్బా ఎందుకు మోస్తోందో అడుగు."

వాడు నావైపు చూశాడు. డబ్బా గట్టిగా పట్టుకున్నాను. వాడు అడగలేదు. వెనక్కి షెడ్డులోకి వెళ్లి తన మైక్రోమీటర్ తీసి బావ చేతిలో పెట్టాడు.

"సాయంత్రానికి తిరిగిచ్చెయ్యి."

అంటే సాయంత్రం దాకా ఉంటాడు. నేను మాత్రం డబ్బా చేతిలోంచి దించలేదు.