నలక లేని షెడ్డు

అక్క చేసిన తప్పల్లా ఒక్కటే, షెడ్డు ఊడ్చింది. ఊడవడం కూడా ఒక తప్పేనా అంటారేమో. విన్నాక మీరే చెప్పండి.

అది పరుపులు కుట్టేవాళ్ళ సహకార సంఘం. పాత పరుపు తెచ్చిస్తే విప్పి, గడ్డకట్టిన దూదిని ఏకి, మళ్ళీ నింపి కుట్టి ఇస్తారు. సంఘానికి ప్రెసిడెంటు అక్క. వయసులో తనకంటే పెద్దవాళ్ళకి కూడా ఆవిడ అక్కే. దూది ఏకేది ఆవిడ సొంత తమ్ముడు. మనిషెత్తు విల్లు, దానికి బిగించిన తాడు, ఆ తాడును లాగి వదిలే కొయ్యగూటం, ఇదీ అతని సరంజామా. తాడు మోగినప్పుడల్లా దూది విచ్చుకుంటుంది, నలకలు లేస్తాయి. ఇన్నేళ్ళుగా ఆ నలకలన్నీ అతని ఛాతీలోకే చేరాయి. రెండు మాటలకొక దగ్గు. డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు, ఈ పనైనా మానాలి, ఆ దుమ్మైనా ఆగాలి అని. పని మానమంటే తమ్ముడు వింటేగా!

"ఇంకేం చేతనవును నాకు? ఈ గొంతుతో పాటలు పాడుకుని బతకనా?" అంటాడు.

అందుకే చిన్న సంఘాలకు ప్రభుత్వం మిషన్లు ఇస్తోందని తెలియగానే అక్క పరిగెత్తుకెళ్ళి అర్జీ పెట్టింది. మూత వేసుకుని దూది ఏకే మిషను అది. నలకల్ని బయటికి రానివ్వకుండా తనే పీల్చేసుకుంటుంది. ఈసారికి ఉన్నది ఒక్క మిషనే, అడిగినవాళ్ళు బోలెడుమంది. దుమ్ము ఎక్కడ ఎక్కువుంటే అక్కడికే ఇస్తామని ఆఫీసులో స్పష్టంగానే చెప్పారు. చూడటానికి ఒక మేడమ్ వస్తుందని కూడా చెప్పారు. అక్క బుర్రలో ఆ రెండో ముక్కే నిలిచింది, మొదటిది గాలికి పోయింది.

ఆవిడ బాధ ఆవిడది లెండి. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ నలకల వల్ల ఆవిడ తిన్న చీవాట్లు ఇన్నీ అన్నీ కావు. ఎవరి గుమ్మం ఎక్కినా "అక్కడే ఆగమ్మా, ఇల్లంతా దూది చేస్తావు" అనేవాళ్ళే. పక్కన కూర్చున్నవాళ్ళు లేచి బట్టలు దులుపుకునేవాళ్ళే. అందుకే షెడ్డుకు ఎవరొచ్చినా, వెళ్ళేటప్పుడు అక్క వెంటపడి వాళ్ళ భుజాలు దులిపి, దొంగతనం చేసి దొరికిపోయినదానిలా నవ్వి మరీ పంపేది. అలాంటి మనిషి ఆఫీసరు మీద నలక వాలనిస్తుందా?

ముందురోజే చీపుళ్ళు, తడిగుడ్డలు తీయించింది. దూదంతా గోనెల్లోకి కుక్కించింది. విల్లును అటక మీద పెట్టించింది. దూలాల మీద ఏళ్ళ తరబడి మందంగా పేరుకున్న తెల్లటి బూజును నిచ్చెనేసుకుని తనే దులిపింది.

"వదినా, మనం పనిచేసుకునే చోటా ఇది, ఆపరేషన్ గదా?" అంది తమ్ముడి పెళ్ళాం.

"నోరు మూసుకుని గోనె కట్టవే! పరువు పోతే నువ్విస్తావా తెచ్చి?"

అంతటితో ఆగినా బాగుండేది. తెల్లారాక తమ్ముణ్ణి పిలిచి, "నువ్వు కాసేపు వీధి చివర టీకొట్టు దగ్గర కూర్చోరా. ఆవిడ ముందు దగ్గావంటే, రోగిష్టి సంఘానికి మిషనెందుకని కొట్టిపారేస్తారు" అంది. తమ్ముడు అక్క మొహంలోకి ఓసారి చూసి వెళ్ళిపోయాడు.

మేడమ్ వచ్చింది. నడివయసు మనిషి, నల్ల చొక్కా, చేతిలో పెన్ను. గోడ మీద వేలితో రాసి చూసుకుంది. వేలికి ఏమీ అంటలేదు. వరసగా కూర్చుని సూదులు పట్టుకున్న సభ్యుల్ని చూసింది. వాళ్ళు ఫొటోకి కూర్చున్నట్టు బిగుసుకుపోయి ఉన్నారు.

"చాలా శుభ్రంగా ఉంచారమ్మా," అంది.

అక్క మొహం చాటంత అయింది. "అంతా మీ దయ మేడమ్!"

"ఇంత శుభ్రంగా ఉన్న చోటికి దుమ్ము పీల్చే మిషను ఎందుకు? ఇక్కడ దుమ్మే లేదే!"

అయ్యో! అప్పుడు వెలిగింది అక్కకి. తమ్ముడి ఊపిరిని తన చేత్తో తనే ఊడ్చి పారేసింది.

"ఉంటుంది మేడమ్, బోలెడంత ఉంటుంది! నిన్ననే దులిపాం, మీరొస్తున్నారని..."

"ఎక్కడికెళ్ళినా ఏదో ఒకటి చెప్తూనే ఉంటారమ్మా. నేను కళ్ళతో చూసిందే రాయాలి," అంది మేడమ్. కోపంగా కాదు, మామూలుగానే అంది. పెన్ను మూత తీసింది.

"ఒక్క నిమిషం!" అని అక్క గోనె తాళ్ళు తెంపి దూది కుమ్మరించింది. విల్లు దింపించి తనే పట్టుకుంది. అలవాటు తప్పిపోయి తాడు సరిగ్గా పలకలేదు, తుప్పు పట్టిన తలుపు కిర్రుమన్నట్టు మూలిగింది. నాలుగు నలకలు మొక్కుబడిగా లేచి కింద పడ్డాయి.

టీకొట్టు దాకా ఆ మోత వినబడింది. తమ్ముడు పరిగెత్తుకొచ్చాడు.

"ఎవరది నా విల్లును హింస పెడుతోంది? అక్కా, నువ్వా? ఇలా తే!"

"వద్దురా, నువ్వెళ్ళు..."

వింటేగా! లాక్కుని గూటం అందుకున్నాడు. టంగ్, టంగ్ మంటూ షెడ్డంతా మోగింది. దూది పొంగింది. నలకలు దూలాల దాకా లేచాయి. అక్క ఊడ్చిందంతా ఒక్కపెట్టున తిరిగొచ్చినట్టు గదంతా తెల్లబడింది. తమ్ముడికి దగ్గు మొదలైంది. నడుం వంగిపోయింది, అయినా గూటం ఆగలేదు.

"చాలు, చాలు, చూశాను," అంది మేడమ్ ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని.

అతను ఆపలేదు. ఈ మేడమ్ తృప్తిగా చూసి వెళ్ళేదాకా ఆపేలా లేడు. అక్క వెళ్ళి మోగుతున్న తాడును అరచేత్తో పట్టేసుకుంది. చెయ్యి చురుక్కుమంది.

"ఆపరా నాయనా! మిషను రాకపోతే పోయింది, వెధవ మిషను! నువ్వు కావాలిరా నాకు!" అంటూ అందరి ముందూ భోరుమంది. ప్రెసిడెంటుననే మాటే మర్చిపోయింది.

తమ్ముడు గూటం వదిలేసి నేల మీద కూలబడ్డాడు. మరదలు నీళ్ళు తెచ్చింది. దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది, అంతసేపూ మేడమ్ కదలకుండా నిలబడే ఉంది. తర్వాత కాగితం మీద ఏదో రాసి, అక్క వైపు తిరిగింది.

"ముందు మీకే ఇవ్వాలని రాశానమ్మా. మిషను వచ్చేదాకా ఆయన్ని ఈ పనికి దూరంగా ఉంచండి," అని గుమ్మం వైపు నడిచింది.

ఆవిడ జుట్టు నిండా, కనుబొమల మీద, నల్ల చొక్కా భుజాల మీద దూదే. అక్క అలవాటు కొద్దీ గబగబా వెంటపడి చెయ్యెత్తింది.

అంతలో ఆగి, ఆ చెయ్యి దించేసుకుంది. ఆఫీసుదాకా అలాగే వెళ్ళనీ, అక్కడున్నవాళ్ళు కూడా చూస్తారు అనుకుని, తమ్ముడి దగ్గరికి తిరిగొచ్చింది.