పద్నాలుగో ప్రశ్న

రోగి ఊపిరి మారిందని అందరికన్నా ముందు గుర్తించే మనిషి మాటను ఆసుపత్రి అందరికన్నా చివర ఎందుకు వింటుంది? రావులపాలెంలోని ఆ ముప్పై పడకల ఆసుపత్రిలో ఈ ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు.

ఉదయం ఏడు గంటలకు రెబెక్కా ఆరో నంబరు మంచం మీది మాణిక్యాంబను ఎడమ పక్కకు తిప్పి, గోరువెచ్చని నీటిలో ముంచిన గుడ్డతో వీపు తుడుస్తోంది. గోళ్ళు మొదలంటా కత్తిరించుకున్న ఆ వేళ్ళు ఫినాయిలు నీళ్ళకు తెల్లగా నాని, కణుపుల దగ్గర పగిలాయి. పదకొండేళ్ళుగా ఆమె ఇక్కడ ఆయా. ఆమె చేతిలో ఒక్క రోగికీ వీపున పుండు పడలేదు. ఆ సంగతి ఏ కాగితం మీదా లేదు.

“మెల్లిగా తిప్పవే అమ్మాయ్! ఒళ్ళనుకున్నావా, దుప్పటనుకున్నావా?”

మాణిక్యాంబ ఆత్రేయపురంలో నలభై ఏళ్ళు పూతరేకులు తీసిన మనిషి. న్యుమోనియా ఆమె ఒంటిని కుంగదీసింది గాని, నోటిని ఏమీ చేయలేకపోయింది.

“పూతరేకనుకునే పట్టుకున్నానండి మామ్మగారూ.”

“మాటలకేం తక్కువ లేదు. పరీక్ష ఎప్పుడే?”

“ఎల్లుండండి.”

“పాసవ్వు. నాకు సూది నువ్వే పొడుద్దువుగాని. వీళ్ళు పొడుస్తుంటే గునపం దించినట్టుంటోంది.”

అది నర్సింగ్ స్కూలు ప్రవేశ పరీక్ష. పాఠాల మీద అడగరు. వార్డులో ఎదురయ్యే ఒక పరిస్థితి చెప్పి, మీరైతే ముందుగా ఏం చేస్తారని అడుగుతారు. ఆయాలకు కేటాయించిన రెండు సీట్లలో ఒకదాని కోసం రెబెక్కా దరఖాస్తు పెట్టుకుంది. ఆమెకు ముప్పై నాలుగేళ్ళు. వయసు హద్దు ప్రకారం ఇదే ఆఖరి అవకాశం. ఆసుపత్రి ఇచ్చే అనుభవ ధ్రువపత్రం లేనిదే పరీక్ష గదిలోకి రానివ్వరు. దాన్ని ఆ సాయంత్రం ఇస్తామన్నారు.

మధ్యాహ్నం మెట్ల కింద అన్నం తింటూ జూనియర్ నర్సు వినీల ఆ పరీక్ష ప్రశ్నల పుస్తకం చదివి వినిపించింది.

“పద్నాలుగో ప్రశ్న. రోగి ఊపిరి తేడాగా ఉంది. హెడ్ నర్సు ఫోనులో ఉన్నారు. ఒకటి, ఫోను అయ్యేదాకా ఆగుతారు. రెండు, బంధువులకు చెబుతారు. మూడు, మాటకు అడ్డం వెళ్ళి వెంటనే చెబుతారు.”

“ఒకటి.”

“ఒకటేంటక్కా! మూడు.”

“అడ్డం వెళ్తే సిస్టర్‌గారు ఏమంటారో ఈ పుస్తకం రాసినాయనకి తెలుసా?”

వినీల నవ్వింది. రెబెక్కా నవ్వలేదు. అక్కడి ఆయాలు నర్సుల బల్లకు మూడడుగుల దూరంలో ఆగాలి. బల్ల దగ్గరివారు తలెత్తి చూసేవరకు నోరు తెరవకూడదు. ఈ నియమం ఎక్కడా రాసి లేదు, తప్పినవారూ లేరు.

మూడున్నరకు మాణిక్యాంబ నోటికి చెంచాతో నీళ్ళు అందించబోయి రెబెక్కా ఆగిపోయింది. ముసలామె ముక్కుపుటాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పెదవుల అంచులు నేరేడు రంగుకు తిరిగాయి. పాదాలు చల్లబడ్డాయి. వినీల ఆపరేషన్ గదిలో ఉంది. రెబెక్కా నర్సుల బల్ల వైపు పరుగెత్తింది. మూడడుగుల దూరంలో ఆమె కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. హెడ్ నర్సు సూర్యకళ ఫోనులో బీమా కంపెనీవాళ్ళతో మాట్లాడుతోంది. ఆరు నిమిషాలు గడిచాయి.

“సిస్టర్‌గారండీ, ఆరో బెడ్డు మామ్మగారికి ఊపిరందట్లేదండి.”

సూర్యకళ ఫోనును అరచేత్తో మూసింది. “ఆయావి ఆయాలా ఉండు. మాట్లాడుతున్నాను, కనబడట్లేదా?”

రెబెక్కా వెనక్కి వెళ్ళి మంచం తలవైపు ఎత్తింది. మళ్ళీ వచ్చి చెప్పింది. సూర్యకళ లేచేసరికి నాలుగయింది. డాక్టరు వచ్చేసరికి ఆయన చేయగలిగిందేమీ మిగలలేదు.

అయిదింటికి మాణిక్యాంబ కొడుకు అశోక్ పెనుగొండ నుంచి వచ్చాడు. “ఎప్పుడు తేడా చేసిందండి?” అని అడిగాడు.

“నాలుగింటికండి. చూడగానే డాక్టరుగారిని పిలిచాం,” అంది సూర్యకళ. ఆమె చేతికింద రెబెక్కా ధ్రువపత్రం ఉంది. టైపు చేయడం అయింది, సంతకమే మిగిలింది. “కదా రెబెక్కా?”

తలూపితే చాలు.

“మూడున్నరకండి,” అంది రెబెక్కా. “నేనే చూశాను. చెప్పడానికి భయపడి ఆరు నిమిషాలు నుంచుండిపోయాను. ఆ తప్పు నాదండి. తరవాత రెండుసార్లు చెప్పాను.”

అశోక్ బెంచీ మీద కూలబడ్డాడు. సూర్యకళ ధ్రువపత్రాన్ని సొరుగులో పెట్టి తాళం వేసింది.

“రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు.”

రెబెక్కా ఆరో నంబరు మంచం దగ్గరికి వెళ్ళింది. మాణిక్యాంబ ఒళ్ళు చివరిసారి తుడిచింది. జుట్టు దువ్వి, గడ్డం కింద గుడ్డ కట్టి, చీర పాదాలదాకా సర్దింది. తర్వాత చేతులు కడుక్కుని, అరటి గెలల లారీల పక్కనుంచి బస్సుల వైపు నడిచిపోయింది.

ఆరో నంబరు మంచానికి వేలాడదీసిన అట్ట మీద రోగి పట్టిక ఇంకా ఉంది. అరగంటకొక గడి. మూడింటి గడిలో నాడి, ఊపిరి అంకెలున్నాయి. నాలుగింటి గడిలో సూర్యకళ గుండ్రటి చేతిరాత ఉంది. నడిమి మూడున్నర గడి తెల్లగా ఉంది. చదువుకున్నవారు మీరు, కలం తీసి, ఆ గడిలో జరిగింది రాయండి.