పేగు కాదు

ఇళ్ళ సామాను మోసేవాళ్ళంతా అతన్ని బీరువా అని పిలిచేవారు. ఎంత బరువైన బీరువానైనా ఒక్కడే వీపు మీద మేడ ఎక్కించేవాడు. వాళ్ళలో ఒక పద్ధతుంది: నడుంపట్టీ ఎవరికి వారు కట్టుకోరు. జోడీగా మోసేవాడు వెనకనుంచి మోకాలు ఆనించి బిగించాలి. బీరువాకి బిగించేది అతని బావమరిది.

గజ్జలో కుడివైపు గట్టిగా ఉబ్బు తేలినప్పుడు ఇద్దరూ కంగారుపడలేదు. "పేగు జారింది బావా. పేగు జారనివాడు ఇంకా పని నేర్చుకోనట్టే," అని బావమరిది పట్టీని ఇంకో రంధ్రం లోపలికి లాగాడు. అలా లాగీ లాగీ రంధ్రాలైపోయాయి గాని ఉబ్బు తగ్గలేదు. చివరికి ఒకరింటి మెట్ల మీద బల్ల మోస్తూ కూలబడితే ఆసుపత్రికి తీసుకొచ్చారు.

స్కాన్ చూసిన డాక్టరమ్మ తలుపు మూసి, నెమ్మదిగా చెప్పింది. అది పేగు కాదు. పుట్టేనాటికి కిందికి దిగాల్సిన వృషణాలు రెండూ దారిలోనే ఆగిపోయాయి, ఒకటి కడుపులో, ఒకటి గజ్జలో. గజ్జలోదానికి అరుదైన రకం క్యాన్సర్ గడ్డ పుట్టింది. ఇంకా పాకినట్టు లేదు, రేపే తీసేయాలి. పిల్లలున్నారా అని కూడా అడిగింది. లేరన్నాడు. రెండూ దిగనివాళ్ళకి పిల్లలు పుట్టడం కష్టమనీ, పసితనంలోనే సరిచేయించాల్సిందనీ అంది.

అతనికి బొత్తిగా తెలియని సంగతేం కాదు. తన ఒళ్ళు తనకు తెలియదా? అయినా పెళ్ళయిన నాటినుంచీ పరీక్షలకు భార్య ఒక్కతే వెళ్ళింది. మందులు ఆమే మింగింది, అత్తగారి మాటలూ ఆమే పడింది. అతను బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోయాడు.

వరండాలో బావమరిది, పేగేగా అని అడిగాడు. ఒక్క అవునుతో పోయేది. అతను గోడకేసి చూస్తూ ఉన్నదంతా చెప్పేశాడు.

బావమరిది, "అక్కకి చెప్పావా?" అన్నాడు.

"లేదు."

"ఆపరేషన్‌కి ముందే చెప్పు. నేను చెప్పానంటే ఇంత మర్యాదగా ఉండదు."

వార్డులో అతని మంచం పక్కన కూర్చుని భార్య నారింజపండు ఒలుస్తోంది. అతను చెప్పడం ముగించేదాకా ఆమె చేతులు ఆగలేదు.

"నీతో కాపురం చేసినదాన్ని. నాకు తెలియదనుకున్నావా?"

"మరి ఆ మందులన్నీ ఎందుకు మింగావు?"

"ఎప్పటికైనా నువ్వే చెప్తావని. చూసీ చూసీ అలవాటైపోయింది." తొనలు అతని చేతిలో పెట్టింది. "ఇప్పుడు అత్తయ్యకి కూడా చెప్పు. నా ఎదురుగా."

మర్నాడు పొద్దున్నే తల్లి వచ్చింది. అతను తడబడుతూనే చెప్పాడు. ఆవిడ ఆశ్చర్యపోలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "చిన్నప్పుడు స్నానం చేయించేటప్పుడు చూశాను. పెద్దయితే అవే దిగుతాయన్నారు. ఆ తర్వాత అడగడానికి సిగ్గేసింది," అంది.

తెలిసే కోడల్ని అన్ని మాటలన్నావా అని ఎవరూ అడగలేదు. అడగకపోయినా ఆవిడ తల వంచుకునే ఉంది.

నర్సు వచ్చి అతన్ని తోపుడు మంచం మీదికి మార్చింది. ఆపరేషన్ గది తలుపులు మూసుకున్నాక అత్త మెల్లగా కోడలి చెయ్యి పట్టుకుంది. కోడలు విడిపించుకోలేదు. తిరిగి పట్టుకోనూ లేదు.