అమృత్‌సర్‌లో కడిగిన కంచాలు

"మగాడు ఎంగిలి కంచం ముట్టుకుంటే ఇంటికి అరిష్టం" అని మా అత్తగారు దుర్గాంబగారు నా పెళ్ళయిన కొత్తలోనే సెలవిచ్చారు. ఆ రోజు మావారు ఉదయభాస్కర్ ఏ మూడ్‌లో ఉన్నారో, తన కంచం తనే తీయబోయారు. ఆవిడ గుండె మీద చెయ్యేసుకున్నారు. అంతే, మళ్ళీ తియ్యలేదు. అన్నం తిని, కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోతారు. మెతుకులు తేలే ఆ కంచాన్ని ఒలక్కుండా సింకు దాకా మొయ్యడంలో నాకు డాక్టరేట్ ఇవ్వచ్చు.

ఈమధ్య మా పనిమనిషి మణెమ్మ కూతురి పురుడని చల్లపల్లి వెళ్ళింది. కాలేజీలో పాఠాలు చెప్పి, బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ ఈదుకుంటూ ఇంటికొస్తే సింకు నిండా గిన్నెలు. నీళ్ళలో నానీ నానీ బొటనవేలికి గోరుచుట్టు లేచింది. తడి తగలనివ్వద్దన్నాడు డాక్టరు. "గోరుచుట్టుకే ఇంత రాద్ధాంతమా! మేం పురిట్లో కూడా తోమాం" అన్నారు అత్తగారు. ఈయన మాత్రం జాలిపడి ఆన్‌లైన్‌లో రబ్బరు గ్లవ్స్ తెప్పించారు. నా సైజువే. గోరుచుట్టు మీద రోకటిపోటని పెద్దలు ఊరికే అనలేదు. చీము పట్టిన వేలితోనే ఆ గ్లవ్స్ తొడుక్కుని తోమాను. అందుకే ఆఫీసువాళ్ళిచ్చే ఎల్‌టీసీ దండగైపోతోందని ఈయన మా ముగ్గురికీ అమృత్‌సర్‌కి టిక్కెట్లు తీస్తే నాకు దేవుడికంటే ముందు గిన్నెలు గుర్తొచ్చాయి. అన్నాళ్ళూ తోమక్కర్లేదు కదా అని. ఒట్టు, అంతకంటే భక్తి ఏమీ లేదు.

అక్కడి బంగారు గుడిలోకి తలమీద గుడ్డ లేకుండా ఎవర్నీ రానివ్వరు. "మగాళ్ళు కూడానా!" అని అత్తగారు బుగ్గలు నొక్కుకున్నారు. ఈయన గుడి బయట నారింజరంగు రుమాలు కొని కట్టుకున్నారు. ముందురోజు జలియన్‌వాలా బాగ్ గోడ మీద తూటాల గుర్తులు చూసొచ్చిన బరువు ఇంకా దిగలేదు. పొద్దున్నే కోనేటి చుట్టూ పాలరాతి మీద నడుస్తూ, నీళ్ళలో కదులుతున్న బంగారు గుడిని చూస్తుంటే, వినపడే కీర్తన ఒక్క ముక్క అర్థం కాకపోయినా నాకు ఏడుపొచ్చేసింది.

తర్వాత లంగర్, అంటే వచ్చినవాళ్ళందరికీ పెట్టే భోజనం. కోటీశ్వరుడైనా కూలివాడైనా కింద ఒకే వరసలో కూర్చోవాలి. తెల్లగడ్డం పెద్దాయన రొట్టె తెచ్చాడు. నేను ఒక చెయ్యి చాపితే, అలా కాదు, దోసిలి పట్టమని సైగ చేశాడు. దోసిట్లో వేడి రొట్టె పడింది. నాకు ఒకరు వడ్డించి ఎన్నాళ్ళయిందో! తిన్నాక అలవాటు కొద్దీ ముగ్గురి కంచాలూ పేర్చి లేచాను. పెద్దాయన నా వేలి కట్టు చూశాడు. కంచాలు నా చేతిలోంచి తీసుకుని, హిందీలో "వదిలెయ్యి తల్లీ" అన్నాడు. ముక్కూ మొహం తెలీని మనిషికి నా వేలు కనపడింది.

కిందికి దిగితే కంచాలు కడిగేచోట హోరు. ఈయనకి ఒక్కసారిగా ఆవేశం వచ్చింది. ప్యాంటు మడిచి, చొక్కా చేతులు పైకి లాక్కుని, ఆ వరసలోకి దూరారు. ఎవరెవరివో ఎంగిలి కంచాలు, చకచకా కడిగేస్తున్నారు. మెళకువ తెలిసిన చెయ్యే! "శాంభవీ, ఫోటో తియ్. మొహం కనపడేట్టు తియ్" అని కేక. తీశాను. "ఎంత సేవాభావమో నా తండ్రికి!" అని అత్తగారు కళ్ళొత్తుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను చేస్తే చాకిరీ, ఈయన చేస్తే సేవ!

ఇంటికొచ్చిన ఆదివారం ఈయన ఆఫీసు స్నేహితుడు జయపాల్‌గారిని భోజనానికి పిలిచారు. మణెమ్మ ఇంకా రాలేదు. నేను వండి వడ్డిస్తుంటే ఈయన ఫోన్లో ఫోటోలు చూపిస్తూ, "కంచాలు కడుగుతుంటే మనలో అహం కరిగిపోతుంది సార్. అనుభవిస్తేగానీ తెలీదు" అన్నారు. అత్తగారు తలాడించారు. నాది తప్ప అందరి భోజనాలూ అయ్యాయి. ఈయన కంచంలో చెయ్యి కడుక్కుని, "శాంభవీ, తీసెయ్" అన్నారు.

నేను లోపలికెళ్ళి, ఉతికి మడతపెట్టిన నారింజరంగు రుమాలు తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"ఇదేంటి?"

"ఇన్నేళ్ళూ పుణ్యమంతా నేనొక్కదాన్నే మూటకట్టుకున్నానండీ. ఇకనుంచి ఈ ఇంట్లో కంచాలు మీ సేవ. నేను కడగను."

"ఎంగిలే అమ్మాయ్!" అన్నారు అత్తగారు.

"అక్కడివీ ఎంగిలివే కదా అత్తయ్యగారూ. అరిష్టం రాలేదుగా."

జయపాల్‌గారు నవ్వాపుకోలేక, "అవునోయ్, మాకూ చూపించు ఆ సేవ" అన్నారు. ఈయన మొహం కందగడ్డయింది. కాసేపటికి కుర్చీ జరిగిన చప్పుడు, తర్వాత కంచాలు పేర్చిన చప్పుడు. నేను కుర్చీ లాక్కుని, వేడి చల్లారకముందే అన్నం పెట్టుకున్నాను. వంటింట్లో కుళాయి తిరిగింది.

ఫోటో తియ్యడానికి నేను లేవలేదు.