చెయ్యిచ్చిన తోడికోడళ్ళు

ఆ తోడికోడళ్ళిద్దరూ తమ ఊళ్ళో కలిసి పిండిమర నడుపుతారు. మర మోతలో మాట్లాడీ మాట్లాడీ ఇద్దరి గొంతులూ పెద్దవైపోయాయి. చిన్నామె కూతురు మహానగరంలో ఉద్యోగం చూసుకుని కొత్తగా వాటా తీసుకుంటే, పిల్ల కాపురం ఎలా ఉందో చూద్దామని మరకు తాళం పెట్టి వచ్చారు. పిల్ల అలా ఆఫీసుకు వెళ్ళిందో లేదో, పెద్దామె చెప్పులు తొడుక్కుంది.

"గోడలు చూడ్డానికొచ్చామా ఇంత దూరం? పద, నాలుగు వీధులు తిరిగొద్దాం."

"దారి తప్పితేనో అక్కా?"

"మనిద్దరం అరిస్తే ఊరంతా దారి చెబుతుందిలే!"

చిన్నామె భయం మొదటి మలుపు దాకానే. ఆ తర్వాత ఆమెకు రెండు కళ్ళూ చాలలేదు. ఒక మేడ మీంచి బుట్ట ఒకటి తాడు మీద ఊగుతూ దిగింది. కూరగాయలాయన అందులో ఉల్లిపాయలు పోసి తాడు లాగగానే మళ్ళీ పైకి వెళ్ళిపోయింది. ఒక పెద్దాయన తాను ఎండలో నడుస్తూ కుక్కకు గొడుగు పడుతున్నాడు. అద్దాల గదిలో పదిమంది చెమటలు కక్కుతూ పరుగెడుతున్నారు, ఒక్కరూ అంగుళం కదలడం లేదు.

"పాపం, వీళ్ళెప్పటికి చేరతారే?" అంది పెద్దామె, నిజంగానే జాలిపడి.

అంతలో ఒక స్కూటరు దూసుకుపోయింది. వెనక సీటుకు బట్టల కొట్టు బొమ్మ ఒకటి తాళ్ళతో కట్టి ఉంది. మలుపులో కుదుపుకు ఆ బొమ్మ చెయ్యి ఊడి రోడ్డు మీద పడింది.

"ఏమండోయ్! చెయ్యి పడిపోయింది! చెయ్యి!" అని పిండిమర గొంతుతో అరిచింది పెద్దామె.

రోడ్డంతా ఆగి ఎవరి చేతులు వాళ్ళు చూసుకున్నారు. ఆగనిది స్కూటరొక్కటే.

పెద్దామె ఆ చేతిని కొంగుతో తుడిచి చంకలో పెట్టుకుంది. బట్టల కొట్లన్నీ పక్క బజారులో ఉంటాయని టీ కొట్టతను చెబితే బస్సెక్కారు. పెద్దామె చంకలోంచి తనవైపు చాచి ఉన్న అయిదు వేళ్ళనూ చూసి కండక్టరు ఒకడుగు వెనక్కి వేశాడు.

"దీనికి... టికెట్టూ..."

"మనిషిలో పావు వంతు కూడా లేదు నాయనా! దానికీ కొడతావా?" అంది చిన్నామె. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని తానే ఆశ్చర్యపోయింది. బస్సంతా గొల్లుమంది.

బజారులో కొట్టుకొట్టుకీ ఆగి, అద్దాల వెనక నిలబడ్డ బొమ్మల చేతులు లెక్కపెట్టుకుంటూ నడిచారు. చివరికి చిన్నామె కంటికే దొరికింది: నీలం కోటు తొడుక్కున్న బొమ్మ, కోటు చెయ్యి ఒకటి ఖాళీగా వేలాడుతోంది. దాని ముందు కొట్టతను తల పట్టుకుని కూర్చున్నాడు. వీళ్ళు తెచ్చిన చెయ్యి చూడగానే లేచి గంతేశాడు. భుజంలో పెట్టి తిప్పితే టక్కున కూర్చుంది.

"అమ్మా! నాకు చెయ్యిచ్చినవాళ్ళంతా ఇంతవరకూ ముంచినవాళ్ళే. చెయ్యిచ్చి నిలబెట్టింది మీరిద్దరే!"

టీ తెప్పించి, ఏది కావాలంటే అది తొడిగి చూసుకోమన్నాడు. పెద్దామె వెడల్పు అంచుల టోపీ పెట్టుకుని, వెలుతురు బాగుంటుందని వీధివైపు అద్దం దగ్గరికెళ్ళి బొమ్మ పక్కన నిలబడింది. అప్పుడే వీధిలో పోతున్న ఒకావిడ ఆగి, అద్దానికి ముక్కు ఆనించి ఆ టోపీనే చూడసాగింది. పెద్దామెకు చిలిపితనం పుట్టింది. ఊపిరి బిగబట్టి బొమ్మలా నిలబడి, సరైన అదను చూసి కన్ను గీటింది.

ఆవిడ కెవ్వున వెనక్కి గెంతింది. ఆపైన పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. లోపల వీళ్ళిద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. కొట్టతను టీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ లోపలికొచ్చి, "ఆ టోపీ నాకిచ్చెయ్యండి, ఇంకోటొద్దు," అంది.